నిఘా కబురు సాక్ష్యం కాదు

కొందరు చట్టసభ సభ్యులు తెలిసో, సగం తెలిసో దేశ రాజకీయాల్లో జోక్యం చేసుకునే విదేశీ ప్రభుత్వాల ప్రయత్నాలకు సహకరించారని కెనడా పార్లమెంటేరియన్ల జాతీయ భద్రతా కమిటీ 2024 జూన్‌లో ఓ నివేదికలో ప్రకటించింది. పేర్లు మాత్రం చెప్పలేదు. దాంతో అందరి మీదా అనుమానపు నీడ పడింది. ఆ నివేదిక రహస్య ప్రతి చదివిన గ్రీన్ పార్టీ నేత ఎలిజబెత్ మే తనకు ఊరట కలిగిందన్నారు. అదే ప్రతి చదివిన న్యూ డెమొక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ) అప్పటి నేత జగ్‌మీత్ సింగ్ రెండు రోజుల తర్వాత, తన ఆందోళన ఇంకా పెరిగిందన్నారు.

ఒకే కాగితం ఇద్దరికి రెండు రకాలుగా కనిపించడానికి కారణముంది. నిఘా సమాచారమంటే చాటుగా విన్న సంభాషణ, వేగు చేరవేసిన మాట. 'ఫలానా ఎంపీ మనవాడే' అని ఓ దౌత్యవేత్త పైవాళ్లకు చెప్పుకుంటే అది నిజమూ కావచ్చు, గొప్పలకు పోవడమూ కావచ్చు. కోర్టులో పెడదామంటే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో బయటపడుతుంది. అందుకే కేసు నిలవదు, నింద తొలగదు. విదేశీ జోక్యంపై విచారణ జరిపిన జస్టిస్ మరీ జోసే హోగ్ 2025 జనవరి 28న ఇచ్చిన తుది నివేదికలో, పార్లమెంటులో ద్రోహులున్నారనడానికి ఆధారం లేదని తేల్చారు. కమిటీ నిర్ధారణల్లో కొన్ని అసలు సమాచారం మోయగలిగినదానికంటే గట్టిగా ఉన్నాయనీ చెప్పారు.

అందుకే పేర్లన్నీ సభలో చదివేయాలన్న డిమాండును మేం సమర్థించం. కప్పిపెట్టడాన్నీ ఒప్పుకోం. ఆరోపణ వచ్చిన సభ్యుడిని ముందు పిలవాలి. మూలం బయటపడకుండా చెప్పగలిగినంతా చెప్పి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ సమాచారాన్ని దానితో సంబంధం లేని రెండో మూలంతో సరిచూడాలి. పార్టీ అధినేతలు భద్రతా అనుమతి తీసుకుని ఫైలు చదవాలి. టికెట్ నిరాకరించడానికీ, కమిటీల నుంచి తప్పించడానికీ కోర్టు తీర్పు దాకా ఆగనక్కర్లేదు, ఆ అధికారం వాళ్లదే.

గురి అయినవాళ్లకు చెప్పడం ఇంకా ముఖ్యం. కెనడా ఎంపీ మైఖేల్ చోంగ్‌ను చైనా లక్ష్యంగా చేసుకోబోతోందని నిఘా సంస్థ 2021 మేలోనే ప్రజా భద్రతా మంత్రికి నోట్ పంపింది. అది అత్యంత రహస్య ఈమెయిల్ వ్యవస్థలో వెళ్లింది. ఆ వ్యవస్థ మంత్రికి అందుబాటులోనే లేదు. చోంగ్‌కు సంగతి రెండేళ్ల తర్వాత పత్రిక ద్వారా తెలిసింది. నోట్ పంపామంటే సరిపోదు, ఎవరు ఎప్పుడు చదివారో నమోదు కావాలి.

అసలు కన్నం పార్టీల అభ్యర్థుల ఎంపికలో ఉంది. 2019లో టొరంటోలోని డాన్ వ్యాలీ నార్త్‌లో లిబరల్ అభ్యర్థి ఎంపిక ఓటింగుకు విదేశీ విద్యార్థులు బస్సులో వచ్చారు. నియోజకవర్గంలో నివాసం, 14 ఏళ్ల వయసు ఉంటే చాలు, పౌరసత్వం లేకపోయినా ఓటేయవచ్చని అప్పటి పార్టీ నియమం. ఈ ఓటును పౌరులకు, శాశ్వత నివాసులకే పరిమితం చేయాలి, చిరునామా రుజువు అడగాలి. కెనడాలో చదువుకుంటున్న మన పిల్లలను ఎవరైనా సభ్యత్వ ఫారం మీద సంతకం పెట్టి బస్సెక్కమంటే, ఆ ఫారంలోని చిరునామా తమదో కాదో ముందు చూసుకోవాలి.