వర్చువల్ రియాలిటీ పది నిమిషాల వింతేనా? ఒక వాదనకు ఖండన

తలకు పెట్టుకునే హెడ్‌సెట్ ద్వారా ఒక కల్పిత లోకంలో ఉన్నట్టు అనిపించేలా చేసే వర్చువల్ రియాలిటీ (వీఆర్) గురించి విస్తృతంగా తిరుగుతున్న ఒక వాదనలో ఐదు మాటలున్నాయి. హెడ్‌సెట్ పెట్టుకున్న ఎవరికైనా పది నిమిషాల్లో తల తిరిగి వికారం పుడుతుందన్నది మొదటిది. తెర కంటికి అంగుళాల దూరంలో ఉంటుంది కాబట్టి చూపు పాడవుతుందన్నది రెండోది. చెప్పుకోదగ్గ ఆటలు లేవనీ, ఉన్నవన్నీ దుకాణంలో చూపించే నమూనాల్లాంటివేననీ మూడోది. మనిషిని పక్కవారి నుంచి వేరు చేస్తుందని నాలుగోది, ముప్పై ఏళ్లుగా విఫలమవుతోంది కనుక దాని పని అయిపోయిందని ఐదోది. వీటిలో కొంత నిజం కలిసిన మాటలూ ఉన్నాయి. అయినా ఈ వాదనను నమ్మి ఒక గొప్ప మాధ్యమాన్ని సరిగ్గా చూడకుండానే పక్కన పెట్టేవారు కనిపిస్తున్నారు కనుక, ఈ ఆటలను ఇష్టంగా ఆడేవాడిగా ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

తల తిరగడం ఎవరో కల్పించినది కాదు, దానికి స్పష్టమైన కారణం ఉంది. మనం కదులుతున్నామని కళ్ళు చెబుతున్నప్పుడు, కదలడం లేదని శరీరపు తూకాన్ని చూసుకునే లోపలి చెవి చెబితే, ఆ రెండు సమాచారాల మధ్య పొంతన కుదరక శరీరం ఇబ్బంది పడుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో వెనక సీట్లలో కూర్చున్నవారికి వాంతులవుతున్నా డ్రైవరుకు సాధారణంగా ఏమీ కాదు. మలుపు తిప్పేది తానే కాబట్టి రాబోయే కదలిక అతని శరీరానికి ముందే తెలుస్తుంది. వీఆర్‌లోనూ అడగవలసిన ప్రశ్న అదే: కదలికను నిర్ణయిస్తున్నది ఆడే మనిషా, లేక వేరెవరో కదిపిన కెమెరానా?

మనలో చాలామందికి వీఆర్ పరిచయమైన తీరు చూస్తే ఈ మొదటి మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. 2014లో గూగుల్ కార్డ్‌బోర్డ్ వచ్చాక, ఫోన్ పెట్టి చూసే ప్లాస్టిక్ డబ్బాలు మన బజార్లలో కొన్ని వందల రూపాయలకే దొరికాయి. ఆ డబ్బాలోని ఫోన్ తల ఎటు తిరిగిందో మాత్రమే పసిగడుతుంది. ముందుకు వంగినా, పక్కకు ఒరిగినా, ఒక అడుగు వేసినా దానికి తెలియదు, అందువల్ల మనతోపాటు ఆ లోకమంతా జరిగినట్టు కనిపిస్తుంది. మాల్‌లో ఊగే కుర్చీలో కూర్చోబెట్టి చూపించే రోలర్ కోస్టర్ వీడియోలో కెమెరా ఎటు పోవాలో మరొకరు ముందే నిర్ణయించి ఉంటారు. ఈ రెండూ వికారం పుట్టించడానికి సరిగ్గా సరిపోయే పరిస్థితులే. వాటిని చూసి మొత్తం మాధ్యమం మీద తీర్పు చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం.

2016లో వచ్చిన ఆక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ హెడ్‌సెట్‌లు తల ఎటు తిరిగిందన్న దానితోపాటు అది గదిలో ఎక్కడ ఉందో కూడా గుర్తిస్తూ, సెకనుకు 90 సార్లు బొమ్మను మార్చాయి. తల కదిలిన క్షణానికీ బొమ్మ మారిన క్షణానికీ మధ్య తేడా 20 మిల్లీసెకన్లకు మించకూడదన్నది ఈ రంగంలో అందరూ పెట్టుకున్న లక్ష్యం. ఆటలు తయారుచేసేవారు కూడా ఈ సమస్యను దృష్టిలో పెట్టుకునే పనిచేశారు. బీట్ సేబర్‌లో ఆడేవారు నిలుచున్న చోటే ఉంటారు, పాట తాళానికి తగ్గట్టు ఎదురుగా వచ్చే ఘనాలను రెండు చేతులతో నరుకుతారు. సూపర్‌హాట్ వీఆర్‌లో మనం కదిలితేనే కాలం కదులుతుంది. హాఫ్-లైఫ్: అలిక్స్‌లో చూపించిన చోటికి ఒక్కసారిగా చేరుకునే పద్ధతి నుంచి మామూలు నడక వరకు నాలుగు రకాల కదలికలున్నాయి, ఎవరికి పడేది వారు ఎంచుకోవచ్చు. బొత్తాంతో పరుగెత్తే ఆటలు ఇప్పటికీ కొందరికి పడవన్నది నిజమే. వికారం మొదలవగానే హెడ్‌సెట్ తీసేయాలి. ఓర్చుకుని ఆడితే అదే అలవాటవుతుందని చెప్పే అభిమానుల సలహా పూర్తిగా తప్పు, దానివల్ల హెడ్‌సెట్ చూడగానే కడుపులో తిప్పే స్థితికి చేరినవారున్నారు.

కళ్ళ విషయానికి వస్తే, అంగుళాల లెక్కతోనే ఈ వాదన దారి తప్పింది. తెర దగ్గరగా ఉన్నా మధ్యలో లెన్సులున్నాయి, వాటి గుండా చూసినప్పుడు కన్ను దృష్టి నిలిపేది మీటరుకు పైబడిన దూరంలో. ఉన్న అసలు ఇబ్బంది వేరు: చూసే వస్తువు దగ్గరిదైనా దూరానిదైనా కంటి లెన్సు ఆ ఒక్క దూరానికే సర్దుకుని ఉండాలి, రెండు కళ్ళు మాత్రం వస్తువును బట్టి లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి. ఈ తేడా వల్ల కళ్ళు అలసిపోతాయి. కనుపాపల మధ్య దూరానికి తగ్గట్టు లెన్సులను సర్దుకోకపోతే అలసట ఇంకా పెరుగుతుంది, మాల్‌లోని కౌంటర్ల దగ్గర ఆ సర్దుబాటు చేసేవారు అరుదు. మరోవైపు, నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల్లో మందకన్నుకు (ఒక కంటి చూపు సరిగ్గా ఎదగని లోపానికి) చికిత్సగా హెడ్‌సెట్‌లో వీడియోలు చూపించే లుమినోపియా అనే పద్ధతిని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో అనుమతించింది. వైద్యుల పర్యవేక్షణలో సాగే ఆ చికిత్సను చూపి పిల్లలకు హెడ్‌సెట్ ఇచ్చి వదిలేయమని నేను అనను. తయారీదారులు పెట్టిన వయోపరిమితిని పెద్దలు పాటించాలి. హెడ్‌సెట్ పెట్టుకుంటే చాలు చూపు పాడవుతుందనే మాట మాత్రం నిలవదు.

చెప్పుకోదగ్గ ఆటలు లేవన్న మూడో మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది. అలిక్స్ 2020 మార్చిలో విడుదలైంది. అది పది గంటలకు పైగా సాగే పూర్తి స్థాయి ఆట. అందులో తుపాకీ నింపడమంటే ఒక బొత్తాం నొక్కడం కాదు: ఖాళీ మ్యాగజైన్‌ను జార్చి, భుజం వెనక నుంచి కొత్తది తీసి, లోపలికి తోసి, పైభాగాన్ని చేత్తో వెనక్కి లాగాలి. చీకట్లో ఏదో మీదికి వస్తుండగా ఇది చేయాల్సి వస్తే, వచ్చిన పని కూడా చేతులు మరిచిపోతాయి. ఒక అధ్యాయంలో చూపు లేని జీవి ఒకటి చప్పుడును బట్టి వేటాడుతుంది, గాలిలో దగ్గు తెప్పించే పొడి ఉంటుంది. దగ్గు రాకుండా ఆడేవారు నిజంగా తమ చేతిని నోటి దగ్గరికి తెచ్చి మూసుకోవాలి. ఒక చేయి నోటి మీద ఉండగా మిగిలిన ఒక్క చేత్తో తలుపు తీస్తూ, సీసాలు కింద పడకుండా పట్టుకుంటూ నడిచిన ఆ భాగం బల్ల మీది తెర ముందు, కీబోర్డుతో సాధ్యం కాదు.

మోస్ అనే ఆటలో అనుభవం పూర్తిగా వేరు. కూర్చున్న చోటి నుంచే క్విల్ అనే చిట్టెలుకకు దారి చూపించాలి. గోడ వెనక ఏముందో తెలియాలంటే మనం ముందుకు వంగి తొంగి చూడాలి. ఆ చిట్టెలుక తల ఎత్తి మన వైపు చూసి చేతి సైగలతో మాట్లాడినప్పుడు కలిగే ఆత్మీయత తెర మీద చూస్తే రాదు. రెసిడెంట్ ఈవిల్ 7 ఆటను 2017లోనే మొదటి నుంచి చివరి దాకా సోనీ హెడ్‌సెట్ ప్లేస్టేషన్ వీఆర్‌లో ఆడగలిగేలా ఇచ్చారు. ఆటలకు బయట కూడా చూపించదగినవి ఉన్నాయి. చూపు కోల్పోయిన జాన్ హల్ క్యాసెట్లలో చెప్పుకున్న దినచర్య ఆధారంగా 2016లో నోట్స్ ఆన్ బ్లైండ్‌నెస్ అనే అనుభవం తయారైంది. అందులో చుట్టూ చీకటే, చప్పుడు వచ్చిన చోటే రూపం మెరుస్తుంది, చప్పుడు ఆగితే మాయమవుతుంది. చూపు లేనివారికి శబ్దమే స్థలమవుతుందని నాకు దాన్ని చూశాకే తెలిసింది. అలిక్స్ స్థాయి పెట్టుబడితో వచ్చిన ఆటలు తక్కువేనని ఒప్పుకుంటాను; తక్కువ అన్నదానికీ లేవు అన్నదానికీ చాలా దూరం ఉంది.

ఒంటరితనం గురించిన మాటకు జవాబు చిన్నదే. వాక్అబౌట్ మినీ గోల్ఫ్‌లో వేర్వేరు దేశాల్లో ఉన్నవారు ఒకే మైదానంలో మాట్లాడుకుంటూ ఆడతారు, డాలస్‌లో ఉన్న అన్న, హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలు కూడా అలా ఒక గంట పక్కపక్కన నిలబడగలరు. గదిలో ఉన్నవారికి టీవీలో అదే దృశ్యం చూపించే వీలుంది. పరిచయం లేనివారు చేరే చోట్ల దుర్భాష, వేధింపు ఉన్నాయి, పిల్లలను అక్కడికి ఒంటరిగా పంపకూడదు.

ముప్పై ఏళ్ల వైఫల్యమనే లెక్కలో 1995 నాటి నింటెండో వర్చువల్ బాయ్‌ను కలుపుతున్నారు. అది బల్ల మీద స్టాండుకు బిగించి, ఎరుపు నలుపు రంగుల్లో మాత్రమే చూపించిన పరికరం, తల కదిలితే దానికి తెలియనే తెలియదు. అంతకు ముందు ప్రకటించిన సెగా వీఆర్ ఇళ్లకు అమ్మకానికే రాలేదు. నేటి వీఆర్ చరిత్ర 2012లో, రిఫ్ట్ తయారీ సంస్థ ఆక్యులస్ ప్రజల నుంచి 24 లక్షల డాలర్లు సేకరించినప్పుడు మొదలైందనడం సబబు. 2019 చివరికి సోనీ 50 లక్షల ప్లేస్టేషన్ వీఆర్‌లు అమ్మింది. 2023లో, ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా సంస్థలోని వీఆర్ విభాగం 1600 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపిన మాట, అదే ఏడాది ఎకో వీఆర్ అనే అద్భుతమైన ఆటను మూసేసి అభిమానుల మనసు కష్టపెట్టిన మాట వాస్తవమే. ఒక సంస్థ పెట్టిన ఖర్చును బట్టి మాధ్యమం ప్రాణాన్ని లెక్కించలేం. బీట్ సేబర్ ప్రాగ్ నగరంలోని చిన్న బృందం చేసింది. మొదట ఒక్క మనిషి తయారుచేసిన గొరిల్లా ట్యాగ్ అనే ఆట ఆదాయం పది కోట్ల డాలర్లు దాటిందని 2024లో ప్రకటించారు.

2016లో రిఫ్ట్ ధర 599 డాలర్లు, దానికి తోడు శక్తిమంతమైన కంప్యూటరు ఉండి తీరాలి. 2024లో మెటా హెడ్‌సెట్ క్వెస్ట్ 3ఎస్ 299 డాలర్లకే వచ్చింది, అది కంప్యూటరు అవసరం లేకుండా పనిచేస్తుంది. క్వెస్ట్‌లు ఏళ్ల తరబడి మన దేశంలో అధికారికంగా అమ్మకానికి రాకపోవడంతో, అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవడమో, వారంటీ లేకుండా ఎక్కువ ధరకు కొనడమో మనవాళ్లకు దిక్కయింది. ఆ ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనదే, దాన్ని వినిపించాల్సింది మన మార్కెట్‌ను పట్టించుకోని తయారీదారులకు.