లీగల్ వాళ్లు ఓకే అన్నారా?

మన కంపెనీల్లో లాయరుగారి హోదా బాగా పెరిగింది. ఒకప్పుడు లీగల్ అంటే అకౌంట్స్ సెక్షన్ వెనకాల జిరాక్స్ మిషన్ పక్కన కూర్చుని చెక్ బౌన్స్ కేసుల వాయిదాలు డైరీలో రాసుకునే పెద్దాయన. ఇప్పుడాయన 'స్ట్రాటజిక్ బిజినెస్ పార్ట్‌నర్'. లాభాల్లో వాటా ఉండదు గానీ మీటింగుల్లో కుర్చీ ఉంటుంది. కుర్చీ ఇచ్చాక 'కుదరదు' అంటే బాగోదు కదా!

ఆ కుర్చీ వైభవం చూడాలంటే శుక్రవారం సాయంత్రం హైటెక్ సిటీలో ఏ ఆఫీసుకైనా వెళ్లండి. ఆరున్నరకి సేల్స్ హెడ్ నుంచి వాట్సాప్ వస్తుంది: "సార్, జస్ట్ ఒకసారి చూసి ఓకే అనేయండి." ఫైలు 84 పేజీలు. సంతకాలు ఏడింటికి. కాన్ఫరెన్స్ రూమ్‌లో క్లయింట్ లోగో వేయించిన కేకు వచ్చేసింది, బొకేలు వచ్చేశాయి, లింక్డిన్ పోస్టు కూడా రాసి పెట్టేశారు. లాయరుగారు చెమటలు కక్కుతూ 61వ పేజీ దాకా వచ్చి ఆగిపోయారు. ఏదైనా తేడా వస్తే మనం కట్టాల్సిన నష్టపరిహారానికి పరిమితే లేదట. "కాంట్రాక్టు విలువ దగ్గర క్యాప్ పెట్టమని అడుగుదామండీ" అన్నారు, మెల్లగానే. పెళ్లి పీటల మీద కట్నం లెక్క తీసినట్టు చూశారంతా. "సొల్యూషన్‌తో రండి సార్, ప్రాబ్లమ్‌తో కాదు" అన్నారు సీఈవోగారు కేకు వంక చూస్తూ. "అసలు క్లయింట్ వాళ్లు 61వ పేజీ దాకా చదువుతారంటారా?" అని ఇంకో మేధావి. అది రాసిందే వాళ్లు నాయనా! చివరికి అడ్మిన్ కుర్రాడు తలుపు తీసి "సార్, క్రీమ్ కరిగిపోతోంది" అన్నాడు. ఆ సాయంత్రం గడువు గురించి నిజాయితీగా మాట్లాడింది వాడొక్కడే. ఆరు యాభై ఎనిమిదికి లీగల్ ఓకే అంది.

అవతల చట్టం చూపించే ప్రేమ ఇంకో రకం. బార్ కౌన్సిల్ 49వ నియమం ప్రకారం ప్రాక్టీసు చేసే అడ్వకేటు ఫుల్‌టైమ్ జీతగాడుగా ఉండకూడదు, కాబట్టి కంపెనీలో చేరినాయన ప్రాక్టీసు ఆపేసి నల్లకోటు బీరువాలో పెట్టుకోవాల్సిందే. 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు ఇంకాస్త స్పష్టం చేసింది. క్లయింటు చెప్పిన మాట బయటపెట్టనక్కర్లేదంటూ సాక్ష్యాల చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) 132వ సెక్షన్ అడ్వకేట్లకిచ్చే రక్షణ ఈయనకు వర్తించదట. యజమానికీ ఈయనకూ నడిచే మెయిళ్లకు 134వ సెక్షన్ రక్షణ కూడా లేదట. అంటే కోర్టు దృష్టిలో అడ్వకేటు కాదు, సేల్స్ దృష్టిలో అడ్డంకి, ఈడీ వాళ్లు తలుపు కొట్టిన రోజున మాత్రం "మాదేం లేదండీ, అన్నీ లీగల్ అప్రూవ్ చేసినవే".

ఇదంతా నవ్వుకుని వదిలేయొచ్చు. హెచ్ఆర్ గదిలో జరిగేది వదలలేం. ప్రాజెక్టు లేక బెంచ్ మీదున్న పాతికేళ్ల పిల్లని పిలిచి, ఫోన్ బయట పెట్టించి, ముందే టైపు చేసిన రాజీనామా ముందుకు తోస్తారు. 'నా వ్యక్తిగత కారణాల వల్ల'! ఏం వ్యక్తిగతమండీ? ఆ పిల్ల పొద్దున లంచ్ బాక్సు పట్టుకునొచ్చింది. తీసేశామంటే నోటీసు, పరిహారం, లేబర్ ఆఫీసు అని సవాలక్ష ప్రశ్నలు, తనే మానేసిందంటే ఒక్క ప్రశ్న లేదు. ఈ తేడా సీఈవోకి తెలియకపోవచ్చు, హెచ్ఆర్‌కి తెలియకపోవచ్చు, ఆ కాగితం డ్రాఫ్టు చేసిన లాయరుకి తెలుసు. తెలిసే రాశాడు. అయిదేళ్లు లా చదివింది ఇందుకా? సిగ్గుండాలి.

ఎక్కడో ఒకరిద్దరు "ఇది స్వచ్ఛంద రాజీనామా కాదు, నేను ఒప్పుకోను" అని మెయిల్లో రాసి పెడుతున్నారు. అలాంటి మెయిల్ వెళ్లిన రెండు నిమిషాలకే ఫోన్ మోగుతుంది: "ఇలాంటివి రాతపూర్వకంగా ఎందుకండీ, ఒక కాల్ చేయాల్సింది."