డెబ్బై దాటిన ప్రొస్టేట్‌కు కత్తి తొందరెందుకు?

డెబ్బై దాటిన పెద్దాయనకు బయాప్సీలో గ్లీసన్ 6 (ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సర్ తీవ్రతను చెప్పే కొలతలో అట్టడుగు మెట్టు) వస్తే, వెంటనే ఆపరేషన్ థియేటర్‌కు తోలడం దాదాపు ప్రతిసారీ తప్పే. పైగా తెలిసి చేస్తున్న తప్పు.

మన పట్టణాల్లో కథ ఎలా మొదలవుతుందో అందరికీ తెలుసు. పిల్లలు డాలస్ నుంచో, బెంగళూరు నుంచో ఆన్‌లైన్‌లో మాస్టర్ హెల్త్ చెకప్ బుక్ చేస్తారు. అందులో పీఎస్‌ఏ (ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానాన్ని పట్టే రక్తపరీక్ష) నాలుగు దాటితే ల్యాబ్ ఆ అంకెను లావు అక్షరాల్లో ముద్రిస్తుంది. ఆ కాగితం ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడ్డాక ఇక ఆయన మాట వినేవాళ్లుండరు. ‘తీయించేస్తే పీడా పోతుంది నాన్నా!’ మంచిదే, కానీ డెబ్బై దాటినవాళ్లకు లక్షణాలేవీ లేకుండా పీఎస్‌ఏ స్క్రీనింగ్ వద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2018లోనే చెప్పింది. కొడుకు ఉన్న దేశం వద్దన్న పరీక్షను నాన్న ఊళ్లో ప్యాకేజీలో కలిపి అమ్ముతున్నారు.

తీయించకపోతే ఏమవుతుంది? బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. క్యాన్సర్ గ్రంథి దాటని 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, నిఘా (కోయకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండడం) అని మూడు గుంపులు చేశారు. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. మొత్తం 356 మంది చనిపోయారు. అందులో ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయింది 45 మందే. నిఘాలో ఉన్నవాళ్లలో ఈ మరణాలు 3.1 శాతం, ఆపరేషన్ అయినవాళ్లలో 2.2 శాతం. ఆ తేడా గణాంక లెక్కకు నిలవలేదు. గుర్తుంచుకోండి, వాళ్లంతా 50 నుంచి 69 ఏళ్ల మధ్య చేరినవాళ్లు. షుగరూ, స్టెంటూ ఉన్న 74 ఏళ్లాయనకు ఈ క్యాన్సర్ చేతిలో పోయే అవకాశం ఇంకెంత?

ఆపరేషన్ మూల్యం మాత్రం చిన్నది కాదు. అదే అధ్యయనంలో కోత పడినవాళ్లలో 18 నుంచి 24 శాతం మంది ఏడో ఏడు దాటాక కూడా మూత్రం కారకుండా ప్యాడ్లు పెట్టుకుంటూనే ఉన్నారు. డిశ్చార్జ్ సమ్మరీలో ఇది ఒక్క వాక్యం. ఇంట్లో వేరు. పెళ్లికి వెళ్తే ముందు వరసలో కూర్చునే మనిషి బాత్రూమ్ పక్కన కుర్చీ వెతుక్కుంటాడు. తుమ్ము వస్తే భయం. తడిబట్టతో గుడి మెట్లెక్కనని మొండికేస్తాడు, కారణం మాత్రం కోడలికి చెప్పడు. దాంపత్యం సంగతి ఇక ఎవరూ అడగరు, ఆ వయసులో అదెందుకని వాళ్లే తేల్చేసుకుంటారు.

అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్ మాటేమిటంటారా? 2014 తర్వాత పీఎస్‌ఏ చేయించుకున్న దాఖలా లేదు, 2025లో ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడేసరికి గ్లీసన్ 9, ఎముకలకు పాకింది. నిజమే. ప్రొటెక్ట్‌లోనూ నిఘా గుంపులో వ్యాధి పాకినవాళ్లు 9.4 శాతం, ఆపరేషన్ గుంపులో 4.7. అందుకే గ్లీసన్ 8, 9 ఉన్నవాళ్లకు ఆగమని ఎవరూ చెప్పడం లేదు. నిఘా అంటే గాలికొదిలేయడమూ కాదు. క్రమం తప్పకుండా పీఎస్‌ఏ, ఎంఆర్‌ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీ. తీరు మారితే అప్పుడు చికిత్స.

అమెరికా యూరాలజిస్టులు ఈ దారికి వచ్చేశారు. తక్కువ ముప్పు ఉన్నవాళ్లలో నిఘాలో పెట్టింది 2014లో 26.5 శాతం, 2021కి 59.6. మరి మన దగ్గర? డాక్టర్లంతా దురాశాపరులని నేననను. కానీ డబ్బు ఏ వైపు పారుతుందో చూడండి. రోబోటిక్ సర్జరీకి బీమా ఇవ్వక తప్పదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మార్గదర్శకాలిచ్చింది. అదే ‘ఆర్నెల్లాగి రండి’ అనే డాక్టరుకు కన్సల్టేషన్ ఫీజే దిక్కు. చాలా పాలసీలు ఓపీ ఖర్చు ఇవ్వవు, 24 గంటలు మంచం మీద పడుకుంటేనే క్లెయిము. ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆస్పత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల చుట్టూ అల్లిన పథకమే. కోస్తే లక్షలు, ఆగితే సొంత జేబు! మోకాలి చిప్ప, గర్భసంచి, సిజేరియన్ కథలన్నీ ఈ తూములోంచి వచ్చినవే.

ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్య సేవలో ఏడాదికింత అని నిఘాకూ ఒక ప్యాకేజీ పెట్టండి. ఎంఆర్‌ఐ, పరీక్షలు, డాక్టరు సమయం అన్నీ అందులోనే. 70 దాటి, తక్కువ ముప్పు ఉన్న రోగికి ఆపరేషన్ ప్రీఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) అడిగితే, నిఘా గురించి ఆయనకు వివరించినట్టు ఆయన సంతకంతో కాగితం జతచేయమనండి. కొడుకు సంతకం చెల్లదు.