నాలుగో ఔట్‌ఫీల్డర్‌కు చోటేదీ?

బేస్‌బాల్‌లో జపాన్ ఆటగాడు ఇచిరో సుజుకి పేరెత్తగానే మాట 2004కే పోతుంది. జార్జ్ సిస్లర్ 1920లో నెలకొల్పిన ఒక సీజన్‌లో 257 హిట్ల (బంతిని కొట్టి కనీసం మొదటి బేస్ అనే మజిలీ చేరడమే హిట్) రికార్డును ఎనభై నాలుగేళ్ల తర్వాత 262తో చెరిపేసిన సీజన్ అది. అందులో 225 సింగిల్సే, అంటే మొదటి బేస్ దాకా చేర్చిన దెబ్బలే. 2001 నుంచి 2010 దాకా పదేళ్లూ ఏటా 200 హిట్లకు తగ్గలేదు, మేటి ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ తప్పలేదు. 2025 జనవరిలో 394 మంది ఓటర్లలో 393 మంది అతన్ని ఆట దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కు పంపారు. ఓటేయని ఆ ఒక్కరెవరో మాకనవసరం. జపాన్‌లో కొట్టిన 1,278 హిట్లను కూడా కలిపి 4,367 అనాలా వద్దా అన్న తగవూ అంతే. అమెరికాలో కొట్టిన 3,089 చాలవా? మేం మాట్లాడదలచింది ఆ పదేళ్ల తర్వాతి సంగతి.

2012 జులైలో సియాటిల్ మారినర్స్ జట్టు అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చేసింది. అప్పటికి 38 ఏళ్లు. 2015లో మయామి మార్లిన్స్ ఏడాదికి 20 లక్షల డాలర్లకు తీసుకుంది. అక్కడ యెలిచ్, ఒజునా, స్టాంటన్ ముగ్గురూ ఇరవైల్లో ఉన్నవాళ్లు, మైదానం వెనక భాగమైన ఔట్‌ఫీల్డ్‌లో మూడు చోట్లూ (లెఫ్ట్, సెంటర్, రైట్) వాళ్లవే. ఇచిరో నాలుగోవాడు.

నాలుగోవాడంటే ఖాళీగా కూర్చునేవాడని అనుకుంటారు. నిజానికి ముగ్గురి పనీ అతనికి తెలిసుండాలి. కుడిచేతి బ్యాటర్ ఆలస్యంగా కొట్టిన బంతి రైట్ ఫీల్డ్ గీతవైపు వంగుతూ పోతుంది, ఎడమచేతివాడిదైతే లెఫ్ట్ గీతవైపు. సెంటర్‌లో అంత వంపు ఉండదు గానీ, తిన్నగా మొహంమీదికి వచ్చే బంతి ఎంత దూరం పోతుందో అంచనాకు అందదు. కాలు అలవాటుగా ముందుకు పడితే బంతి నెత్తిమీంచి పోయినట్టే. అందుకే తుంటి తిప్పి మొదటి అడుగు వెనక్కి వేయడం నేర్పుతారు. వయసు ముందుగా దెబ్బకొట్టేది ఆ మొదటి అడుగునే. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ గ్లవ్ ఎటు జరిగిందో, బ్యాటర్ పాదం ఎటు తిరిగిందో చూసి, బంతి తగలకముందే అటు ఒరగగలిగినవాడే నలభై దాటాక నెగ్గుకొస్తాడు.

విసరడంలోనూ బలం ఒక్కటే చాలదు. బంతిని నిలబడి అందుకుంటే దాన్ని పంపేది చెయ్యి మాత్రమే. ముందుకు వస్తూ, విసిరే భుజం వైపున అందుకుని, చిన్న గెంతు వేస్తే ఒంటి వేగమంతా బంతికి చేరుతుంది. వేళ్లు కుట్లకు అడ్డంగా పడాలి, లేకపోతే బంతి దారిలో పక్కకు జారుతుంది. బంతిని అందుకుని ముందుకు పంపడానికి మధ్యలో నిలబడ్డ కట్‌ఆఫ్ ఆటగాడి తల ఎత్తులో పోవాలి. అంతకన్నా ఎత్తుగా పోయిందా, వెనకవచ్చే రన్నర్ ఇంకో బేస్ కొట్టేస్తాడు. 2001 ఏప్రిల్ 11న ఓక్లండ్‌లో టెరెన్స్ లాంగ్‌ను మూడో బేస్ దగ్గర పట్టించిన విసురు ఇలాంటిదే. రైట్ ఫీల్డ్ నుంచి మూడో బేస్‌కు బంతి నేల తాకకుండా వచ్చి డేవిడ్ బెల్ గ్లవ్‌లో పడింది.

వీటన్నిటికన్నా కష్టమైనది పించ్ హిటర్ పని, అంటే ఆట మధ్యలో మరొకరి బదులు, ఎక్కువగా పిచ్చర్ (బంతి విసిరేవాడు) బదులు, బ్యాట్ పట్టడం. రెండు గంటలు కూర్చుని, ఏడో ఇన్నింగ్స్‌లో లేచి, గంటకు 95 మైళ్ల వేగంతో విసిరే కొత్త పిచ్చర్‌ను ఒకే ఒక్క అవకాశంలో ఎదుర్కోవాలి. ఒళ్లు చల్లబడితే బ్యాట్ వెనకబడుతుంది. అందుకని ఐదో ఇన్నింగ్స్ నుంచే లోపలి నెట్స్‌లో ఊపుకుంటూ ఉండాలి. మేనేజర్ మనసు మార్చుకుని పిచ్చర్‌నే కొనసాగిస్తే ఆ శ్రమంతా వృథా, మళ్లీ మొదటికే. తొలి స్ట్రైక్ (కొట్టదగ్గ బంతి) వదిలేయడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. అంతకన్నా మంచి బంతి మళ్లీ రాకపోవచ్చు.

ఈ ఉద్యోగంలోనే 2016లో, 42 ఏళ్ల వయసులో, ఇచిరో 0.291 సగటుతో 95 హిట్లు కొట్టాడు. ఆగస్టు 7న డెన్వర్‌లో మూడువేలో హిట్ మూడో బేస్ దాకా చేర్చే ట్రిపుల్‌గా వచ్చింది. మరుసటేడు మొత్తం 50 హిట్లలో 27 పించ్ హిటర్‌గా వచ్చినవే. జాన్ వాండర్ వాల్ 1995 రికార్డుకు ఒక్కటే తక్కువ. సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లకు ఇచిరో 51 నంబరు చొక్కా కొత్తేమీ కాదు గానీ, ఈ 27 సంగతి వాళ్లలోనూ ఎందరికి గుర్తుందో!

ఇప్పుడైతే ఆ అవకాశమే లేదు. 2022లో, అమెరికాలోని రెండు పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లోనూ పిచ్చర్ బదులు ఆటంతా బ్యాట్ పట్టే డిజిగ్నేటెడ్ హిటర్ వచ్చాక పించ్ హిటర్ అవసరం చాలావరకు పోయింది. ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చాక ఆల్‌రౌండర్లకు పని తగ్గిందని ఐపీఎల్‌లో మనం విన్న గోలే ఇదీ. జట్టులో 26 మంది, అందులో 13 మంది దాకా పిచ్చర్లు. జట్లు ఆ పదమూడూ నింపేస్తాయి. మిగిలిన పదమూడులో తొమ్మిది మంది ఆడతారు, ఒకడు రెండో క్యాచర్. ఇక ఉన్నవి మూడు చోట్లు. అవి కూడా ఎక్కువగా కుర్రాళ్లకే పోతాయి. కారణం ఆట ఒక్కటే కాదు. కుర్రాణ్ని సీజన్‌లో ఐదుసార్ల దాకా కింది లీగ్‌కు పంపి పిలవొచ్చు. పెద్ద లీగ్‌లో ఐదేళ్ల సర్వీసు దాటిన ఆటగాణ్ని అతని ఒప్పుదల లేకుండా పంపలేరు. అనుభవం పెరిగినకొద్దీ వచ్చే ఆ హక్కే అతనికి గుదిబండ అవుతోంది.

పిచ్చర్లు మళ్లీ బ్యాట్ పట్టాలని మేం అనడం లేదు. వాళ్లు కొట్టలేరని తేలిపోయి చాలా కాలమైంది. మేం కోరేది చిన్న మార్పు: పిచ్చర్ల గరిష్ఠ సంఖ్య 12కు దిగాలి, బ్యాటర్లు 14 మంది కావాలి. చేతి గాయాలు పెరుగుతాయన్న యాజమాన్యాల భయాన్ని కొట్టిపారేయలేం. ఆట మొదలుపెట్టే పిచ్చర్ ఇంకో ఇన్నింగ్స్ ఎక్కువ విసరాల్సి వస్తుంది, దానికి కిందిస్థాయి నుంచే తయారు చేయాలి. కాబట్టి మార్పును రెండు సీజన్ల ముందే ప్రకటించడం మంచిది. యాజమాన్యాలకూ ఆటగాళ్లకూ మధ్య ఇప్పటి ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. చర్చల్లో ఇది పెట్టాల్సింది ఆటగాళ్ల సంఘమే. యాజమాన్యాలకు జీతాల భారం పెద్దగా పెరగదు, 26 మంది 26 మందే ఉంటారు.