32 బైట్లకు మించిన ఊరెందుకు?

ధాన్యం కాటాకీ మిల్లు సర్వరుకీ మధ్య ఓ ప్రోటోకాల్, అంటే యంత్రాల మధ్య మాటల ఒప్పందం, నడుస్తోందనుకుందాం. అందులో ఊరి పేరుకి 32 బైట్లు ఇచ్చారు. ఆ బైట్లు ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే ఏ అక్షరానికి ఏ బైట్లనే పద్ధతిలో, ఉండాలో మాత్రం ఎక్కడా రాయలేదు. కుర్ర ఇంజినీర్లు దీన్ని లోపమంటున్నారు. లోపం కాదండి, మర్యాద. గడప తొక్కినవాణ్ణి ‘మీదే ఎన్‌కోడింగు?’ అని నిలబెట్టి అడగడం గోదారి జిల్లాల్లో ఎక్కడైనా ఉందా? పైగా పెద్దల ఒరవడి కూడా ఉంది. ఇంటర్నెట్‌లో కబుర్లాడుకునే ఐఆర్‌సీకి 1993లో వచ్చిన నిర్వచన పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 1459, ఫలానా అక్షర సముదాయమని ఏదీ చెప్పకుండా ఎనిమిది బిట్ల కోడులని మాత్రం అని ఊరుకుంది.

ఆ మర్యాద ఫలం చూడండి. కొత్త కాటా తెలుగు పేరుని యూటీఎఫ్-8లో, అంటే అన్ని లిపులకీ పనికొచ్చే ఎన్‌కోడింగ్‌లో, పంపుతుంది. హల్లుకీ, గుణింతం గుర్తుకీ, సున్నాకీ, ఒత్తు వెనక కనపడకుండా దాక్కునే పొల్లుకీ తలా మూడు బైట్లు. పాత సర్వరు దేనికైనా ‘ఆయ్’ అనే రకం. వాటిని లాటిన్-1, అంటే పశ్చిమ యూరప్ భాషలకి అక్షరానికో బైటిచ్చే పాత ఎన్‌కోడింగ్, అనుకుని పుచ్చుకుంటుంది. ప్రతి మూడింటిలో మొదటి రెండూ, పదహారు అంకెల లెక్కలో (హెక్స్), ఈ0 బీ0 గానీ ఈ0 బీ1 గానీ అవుతాయి కాబట్టి, తూకం చీటీ నిండా నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ అదే ఏ. అంతటితో ఆగితే బాగుండును. దాచేటప్పుడు ఆ చెత్తనే ఇంకోసారి యూటీఎఫ్-8లోకి మారుస్తారు; మూడు బైట్లు ఆరవుతాయి.

ద్రాక్షారామం సంగతి మరీ ముచ్చట. 12 కోడ్‌పాయింట్లు (హల్లు, గుర్తు, సున్నా, పొల్లు ఒక్కోటీ ఒక కోడ్‌పాయింటు), 36 బైట్లు. 32 దగ్గర కోస్తే పది కోడ్‌పాయింట్లు నిలుస్తాయి, ‘మ’ తాలూకు రెండు బైట్లు దిక్కులేనివవుతాయి. వాటి స్థానంలో తెర మీద నల్ల డైమండులో ప్రశ్నార్థకం. వెరసి చీటీ మీద ‘ద్రాక్షారా?’ అని ఉంటుంది. వడ్లు తోలుకొచ్చిన రైతు ఏమని జవాబు చెప్పాలి?

కుర్రాళ్లు చెప్పే వైద్యం అనుమానం వచ్చేటంత చవక. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉండే పాత పట్టిక ఆస్కీలోని 128 కోడులకి యూటీఎఫ్-8లోనూ అవే బైట్లట. 1992లో యూటీఎఫ్-8 రూపకర్తలు కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కావాలనే అలా కుదిర్చారట. కాబట్టి ‘పాఠ్యమంతా యూటీఎఫ్-8’ అని ఒక్క ముక్క రాస్తే, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పంపే పాత కాటాకి చీమ కుట్టినట్టయినా ఉండదట. కొత్త కాటా పలకరింపులోనే తనకి యూటీఎఫ్-8 వచ్చని చెప్పాలి. సర్వరు తెలీదంటే పాత దారిన పోవాలి. ఈహెచ్‌ఎల్‌ఓ అనే కొత్త పలకరింపు కుదరకపోతే ఈమెయిలు సర్వర్లు పాత పలకరింపు హెచ్‌ఈఎల్‌ఓ అనడం ఇదే పద్ధతట. 32 బైట్ల గడిలో ఇంగ్లీషు పేరే ఉంచి, ఒప్పుకున్న సర్వరుకి మాత్రం తెలుగు పేరు వేరే గడిలో, ముందు పొడవు చెప్పి పంపాలి. ఆ పొడవు అక్షరాల్లో కాదు, బైట్లలో. ఏమీ చెప్పకుండా వచ్చినదాన్ని ముందు యూటీఎఫ్-8 నియమాలతో తనిఖీ చేసి, తప్పితేనే లాటిన్-1 అనుకోవాలి. ఆస్కీ దాటిన పాత పాఠ్యం పొరపాటున ఆ తనిఖీ నెగ్గడం అరుదు. మొదట్లో బీఓఎం, అంటే ఇది యూనికోడ్ పాఠ్యమని చెప్పే మూడు బైట్ల గుర్తు, పెట్టకూడదు. ఆ మూడు బైట్లూ ఆదేశంలో భాగమనుకుని పాత సర్వరు తెల్లమొహం వేస్తుంది. కోత పడేచోట హెక్స్‌లో 80 నుంచి బీఎఫ్ వరకు ఉండే బైటు, అంటే అక్షరం నడిమి బైటు, ఉంటే, ఆ అక్షరపు మొదటి బైటు దొరికేదాకా వెనక్కి జరిగి దాని ముందు కోయాలి. అప్పుడు ద్రాక్షారా దగ్గర ప్రశ్నార్థకం పోతుంది, ప్రశ్న పోదు.

ఇంత తతంగం కన్నా ఊళ్ల పేర్లు మారిస్తే పోలా? మండపేట, ఆలమూరు చెరో 18 బైట్లలో బుద్ధిగా ఒదిగాయి. ముమ్మిడివరం 33, ఒక్క బైటు కోసం చివరి సున్నా వదులుకోలేదా? రాజమండ్రి 27తో హాయిగా ఉండేది, 2015లో రాజమహేంద్రవరమై 39కి ఎక్కింది. బైట్లు లెక్కెట్టే దిక్కు లేకపోయింది. ద్రాక్షారామానికి ఒత్తులు రెండూ పీకి దాకారామం అంటే 24తో సరి.

ఈ మార్పుల నోటీసు ఊరూరా ఎస్సెమ్మెస్‌లో పంపొచ్చు. ఇంగ్లీషులో అయితే మెసేజీకి 160 అక్షరాలు. తెలుగు చొరబడితే మామూలుగా అక్షరానికి రెండు బైట్లు పట్టే యూసీఎస్-2లోకి మారి 70కే నిండిపోతుంది. అందుకని నోటీసు ఇంగ్లీషులోనే ఉంటుంది. రానివాళ్లకి మిల్లు గుమస్తా చదివి వినిపిస్తాడు.