మహారాజశ్రీ ఆరు నిమిషాల గడి గారికి

గంటను పది గడులుగా కోసి, ఏ గడిలో ఏ క్లయింటు పని చేశామో లాయర్ల చేత రాయించి, ఆ లెక్కన బిల్లు వేయించే మహారాజశ్రీ టైమ్‌షీట్‌లోని ఆరు నిమిషాల గడి గారి సముఖమునకు, తమ దగ్గర పన్నెండేళ్ళుగా కొలువు చేస్తున్న ఒక లాయరు నమస్కరించి వ్రాయు విన్నపం.

ఉభయకుశలోపరి. తమరి కుశలానికి ఏ లోటూ లేదని నాకు తెలుసు. నేను మాత్రం ఎనభై శాతం కుశలం.

ఈ ఎనభై సంగతి తమకు తెలిసిందే. పోయిన ఏడాది మా ఆఫీసువారు నా పనివేళలు తగ్గించారు. వారానికి నాలుగు రోజులు పని, శుక్రవారం సెలవు, జీతంలో ఇరవై శాతం కోత. ఈ మూడింటిలో మొదటి నెల నుంచీ ఠంచనుగా అమలవుతున్నది ఒక్కటే. అది ఏదో చెప్పనక్కర్లేదు.

తమరి వంశచరిత్ర తిరగేస్తే ముచ్చటేస్తుంది. 1914లో బోస్టన్ లీగల్ ఎయిడ్ సొసైటీ బాధ్యత తీసుకున్న రెజినాల్డ్ హీబర్ స్మిత్ అనే ఆయన, పేదల కేసులకు ఎంత సమయం పోతోందో, ఎంత ఖర్చవుతోందో చూసుకోవడానికి అక్కడి లాయర్ల చేత లెక్క రాయించాడు. తర్వాత పెద్ద ఆఫీసుకు మారుతూ ఆ అలవాటును వెంట తీసుకెళ్ళాడు. అంటే తమరు పేదలింట పుట్టి, పెద్దలింట పెరిగారు. అయినా చాలాకాలం ఇంటి పద్దుల పుస్తకంలో బుద్ధిగానే ఉన్నారు. ఈ పనికి ఇంతకు తగ్గకూడదని బార్ సంఘాలు ఫీజుల పట్టికలు వేసుకునే రోజులవి. 1975లో గోల్డ్‌ఫార్బ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ పట్టికలు పోటీ చట్టానికి విరుద్ధమంది. అప్పటికే గుమ్మం దాకా వచ్చిన తమరు లోపలికొచ్చి, ఆ పట్టికల కుర్చీలో కూర్చుని ఫీజు తేల్చడం మొదలుపెట్టారు. ఇంకా లేవలేదు.

ఒక చిన్న లెక్క చూపిస్తాను, కోప్పడకండి. అమెరికన్ బార్ అసోసియేషన్ 1958లో ఒక చిన్న పుస్తకం వేసింది. లాయరు ఓవర్‌టైమ్ చేయకపోతే ఏడాదికి ఫీజు రాబట్టగలిగే గంటలు సుమారు 1,300 అని అందులో రాసింది. మా ఆఫీసులో పూర్తికాలం లాయరుకు పెట్టిన లక్ష్యం 2,000. అందులో నా ఎనభై శాతం 1,600. తమరి భాషలో 16,000 గడులు. ఆనాటి నిండు లాయరు కంటే 300 గంటలు ఎక్కువ చేస్తూ నేను పార్ట్‌టైమ్ మనిషిని అనిపించుకుంటున్నాను. లిఫ్టులో ఎదురైన పెద్దాయన ‘‘అదృష్టవంతురాలివమ్మా, రోజూ శుక్రవారమే’’ అంటాడు. లిఫ్టు దిగేలోపు నవ్వడం కూడా నా పనే. దానికి గడి లేదు.

పోయిన శుక్రవారం మా అమ్మాయికి జడలు వేస్తున్నాను. దువ్వెన నా పళ్ళ మధ్య, ఫోను చెవికీ భుజానికీ మధ్య. ‘‘సెలవని తెలుసు, ఒక్క ఐదు నిమిషాలు’’ అని అవతలి గొంతు. గమనించారా, తమరి కొలతకు ఒక నిమిషం తక్కువే అడిగాడు, మర్యాదస్తుడు. నలభై రెండు నిమిషాలయ్యాక ఫోను పెట్టేశాను. ఏడు గడులు. ఒక జడ అయింది. నా వల్ల కాదని రెండోది పిల్లే వేసుకుంది, అంటే గట్టిగా ఓ ముడి వేసింది. అది విప్పడానికి మరో మూడు గడులు. ఏ క్లయింటు ఖాతాలో రాయను?

ఇంకో నేరం కూడా ఒప్పుకోవాలి. ఒకరి పనిమీద విమానంలో వెళ్తూ దారిలో మరొకరి పని చేస్తే, ఆ గంటలకు ఇద్దరి దగ్గరా వసూలు చేయకూడదని అదే అసోసియేషన్ 1993లో తేల్చి చెప్పింది. ఆ నలభై రెండు నిమిషాలను నేను క్లయింటు పేరా రాశాను, ‘పిల్లతో గడిపిన సమయం’ అని మనసులో ఇంకోచోటా రాసుకున్నాను. పట్టుబడలేదు. రెండో క్లయింటుకు ఆరేళ్ళు, బిల్లు చదవడం రాదు.

పోనీ, తగ్గించినదైనా తగ్గిందా? బిల్లు వేసే గంటలకే ఎనభై శాతం వర్తిస్తుందట. మీటింగులు, కొత్తవాళ్ళకు పని నేర్పడం, కాబోయే క్లయింట్ల ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం మాత్రం నిండు నూరు శాతం. వర్క్ లైఫ్ బ్యాలెన్స్ మీద ఒక క్లాసు కూడా పెట్టారు. శుక్రవారం. హాజరు తప్పనిసరి. తగ్గించిన గంటలు ఇలా మెల్లగా పాక్కుంటూ పాత చోటికే చేరడానికి షెడ్యూల్ క్రీప్ అని పేరు కూడా ఉంది. పేరు పెట్టారు కదా, ఇక మందు వేయనక్కర్లేదు. మంచి కేసు వచ్చినప్పుడు మాత్రం నా మీద దయ పొంగుతుంది: ‘‘నీకు ఇబ్బంది అవుతుందేమోనని అతనికిచ్చాం.’’

ఇక తమరి న్యాయం. నాలుగు గంటల డ్రాఫ్టును రెండు గంటల్లో ముగించి ఇంటికి పరిగెత్తితే నా ఖాతాలో ఇరవై గడులే పడతాయి. పక్క సీటతను అదే డ్రాఫ్టును సాగదీసి నలభై నింపుతాడు. ఏడాది చివర కష్టజీవి ఎవరని అడిగితే తమరు అతన్నే చూపిస్తారు. తమకు కళ్ళు లేవని కాదు, తమకు లెక్కే వచ్చు.

కావున తమను ప్రార్థించేదేమనగా: నా గంటలు కాకుండా, నా బల్ల మీది ఫైళ్ళలో ఇరవై శాతం తగ్గించవలసిందిగానూ, జీతం కోసినంత నిక్కచ్చిగా పనిని కూడా కోయవలసిందిగానూ, తమరు తగునని తోచిన ఇతర ఉపశమనాలు ఇప్పించవలసిందిగానూ కోరడమైనది. విచారణకు ఏ రోజు వాయిదా వేసినా హాజరవుతాను, శుక్రవారం తప్ప.

ఇట్లు,
తమరి విధేయురాలు (ఎనభై శాతం)