పెద్దబాపు జీవితం, కంప్యూటర్ వరసలో

పెద్దబాపు షష్టిపూర్తికి స్లైడ్‌షో నేనే చేస్తానని నోరు జారాను. హనుమకొండలో ఏ ఫోటో స్టూడియోకు ఇచ్చినా పని అయిపోయేది. కానీ మనం విండోస్ బదులు లైనక్స్ వాడే మనుషులం కదా! మౌస్ పట్టుకుని ఒక్కో ఫోటో లాగి అతికించడం మనకు నామోషీ. నల్ల తెర మీద ఒక్క లైను కొడితే చాలు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాం ఫోటోలన్నీ వీడియోగా కుట్టి పెడుతుంది.

ఆల్బంలన్నీ స్కాన్ చేసి, వయసు వరసలో 1 నుంచి 240 దాకా నంబర్లు వేశాను. ఎంటర్ కొట్టాను. అరవై ఏళ్ల జీవితం పది సెకన్లలోపే ఖతం! ఒక్కో ఫోటో ఎంతసేపు ఉండాలో మనం చెప్పకపోతే అది సెకనుకు 25 చొప్పున తోసేస్తుంది. ఫ్రేమ్‌రేట్, అంటే సెకనుకు ఎన్ని ఫోటోలన్న లెక్క, 1/3 అని పెట్టాక ఒక్కోటి మూడు సెకన్లు నిలబడింది. మొత్తం 12 నిమిషాలు. రెండుసార్లు చూసుకుని హాయిగా పడుకున్నాను.

ఫంక్షన్ రోజు పొద్దున పెద్దమ్మ చూసింది. 57 దగ్గర ఆపమంది. పాకాల చెరువు దగ్గర కాలేజీ పిక్నిక్. పెద్దబాపు పక్కన ఎవరో అమ్మాయి నవ్వుతోంది.

"గది తీసెయ్ బిడ్డా."

తీసేశాను. మళ్లీ నడిపితే వీడియో 56 దగ్గరే ఆగిపోయింది. నంబర్ల వరసలో పోయే పద్ధతిలో నడుమ ఒకటి లేకపోతే, ఇక ఫోటోలు అయిపోయాయనుకుంటుంది అది. అవతల టెంట్ హౌస్ వాళ్లు తెర కట్టేశారు, టెన్షన్. నంబర్ల గొడవ ఎందుకని, పేరు ఏదైనా సరే అన్నీ తీసుకొమ్మని ఒక చుక్క గుర్తు (*) పెట్టాను. పన్నెండు నిమిషాలకు మూడు సెకన్లు తక్కువ. లెక్క సరిపోయింది. ఇక చూడలేదు.

చుక్క గుర్తుకు అంకెలు రావు, అక్షరాలే వచ్చు. దాని దృష్టిలో 1 తర్వాత 10, ఆ తర్వాత 100. 2 రావాలంటే ఒకటితో మొదలయ్యేవన్నీ అయిపోవాలి.

తెర మీద ఉయ్యాలలో పాపడు. తర్వాత పలక పట్టుకున్న పిల్లగాడు. ఏడో సెకనుకు తాళి కడుతున్నాడు!

"బాల్య వివాహమా ఏందిరా?" అన్నాడు వెనక నుంచి మామ.

పెళ్లయ్యాక కాపురం, కాపురం తర్వాత మళ్లీ నిక్కరు. ఒక్క చోట మాత్రం బాగా కుదిరింది. 199లో బట్టతల, వెంటనే 2లో కొమురవెల్లి మల్లన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీయించిన గుండు. నేను కావాలనే అలా కలిపాననుకుని చప్పట్లు కొట్టారు. నేనూ దండం పెట్టాను, ఏం చేస్తాం.

ఆ వరసలో చిట్టచివరిది 99. పెళ్లికి ముందు, వేయిస్తంభాల గుడి ముందర, బెల్‌బాటం ప్యాంటులో ఒక్కడే నిలబడి పగలబడి నవ్వుతున్న పెద్దబాపు. దానితో తెర నల్లబడింది.

"పెండ్లి, పిల్లలు అన్నీ అయినంక గీ ఒంటరి ఫోటోతోని ఖతం చేసుడేందిరా?" పెద్దమ్మ కళ్లెర్రజేసింది.

అన్నం దగ్గర పెద్దబాపు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. పప్పు కలుపుకుంటూ, అటూ ఇటూ చూసి మెల్లగా అడిగాడు.

"గా 57 నీ తాన ఇంకా ఉన్నదా, తీసేసినవా?"